ఏడు లక్షల్లో మిగిలింది ఒక్క లక్ష: బృహత్కథా కర్త గుణాఢ్యుని జీవితగాథ

జగిత్యాల: రాసిన దానిని తిరగరాయడం, పెరిగిన దానిని కుదించడం, ప్రాణప్రదమైన అధ్యాయాలను చేజేతులా వదులుకోవడం... జానపద కథను ఆధారం చేసుకొని అద్భుత రస ప్రధానమైన నవల రాయాలని పూనుకొన్న ప్రతి కొత్త రచయితకూ ఎదురయ్యే కష్టాలివి. ఈ కష్టాన్ని సుమారు రెండు వేల ఏళ్ల నాడే అనుభవించిన కథకుడు గుణాఢ్యుడు. విద్యాధరులు, యక్షులు, పిశాచాలు, ఆకాశయానాలు, మంత్రపాదుకలు నిండిన బృహత్కథను ఆయన ఏడు లక్షల శ్లోకాలలో రచించాడనీ, అందులో ఆరు లక్షలను స్వయంగా అగ్నికి ఆహుతి చేశాడనీ ప్రసిద్ధి. మిగిలిన లక్ష శ్లోకాల నుంచే బేతాళ కథలు మొదలుకొని కాశీమజిలీ కథల వరకు ఎన్నెన్నో కథలకు దారి ఏర్పడింది. గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులోని మంత్రి. ఆ శాతవాహనుల తొలి ఆనవాళ్లు మన జిల్లాలోని గోదావరి తీరాన బయటపడటం ఈ ప్రాంత పాఠకులకు ప్రత్యేకంగా చెప్పుకోదగిన విషయం.

కోటిలింగాల గడ్డ

వెల్గటూరు సమీపాన పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల గ్రామం ఉంది. 1970వ దశకం చివర ఇక్కడ దొరికిన నాణేలపై శాతవాహన వంశ స్థాపకుడైన సిముకుని పేరు కనిపించింది. శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి ఆ నాణేలను చదివి లోకానికి తెలిపారు. అనంతరం వి.వి. కృష్ణశాస్త్రి నేతృత్వంలో పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల కంటే ముందు పాలించిన గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల నాణేలు సైతం ఇక్కడే వెలుగు చూశాయి. శాతవాహనులు తొలుత ఈ ప్రాంతంలోనే తలెత్తారని పలువురు చరిత్రకారులు అభిప్రాయపడటానికి ఈ నాణేలే ఆధారం.

గుణాఢ్యుడు కోటిలింగాలకు వచ్చాడని ఏ గ్రంథమూ చెప్పలేదు. ఆయన కథ జరిగినట్టు చెప్పే ప్రతిష్ఠానం నేటి మహారాష్ట్రలోని పైఠాన్. అదీ గోదావరి ఒడ్డునే ఉంది. ఎగువన పైఠాన్, దిగువన కోటిలింగాల, నడుమ పారే నది ఒక్కటే. ఆ నదీ తీరాన్ని ఏలిన ఒక రాజుకూ ఆయన మంత్రికీ నడుమ జరిగిన కథ ఇది.

శాపవశాన జన్మ

గుణాఢ్యుని జీవితానికి సంబంధించి మనకు దక్కిన వివరమైన వృత్తాంతం కాశ్మీర కవి సోమదేవుడు 11వ శతాబ్దంలో రచించిన కథాసరిత్సాగరంలోనిది. ఆ గ్రంథపు మొదటి భాగమైన కథాపీఠంలో ఈ గాథ ఉంది. చరిత్రా పురాణమూ విడదీయరానంతగా అందులో కలిసిపోయాయి.

కైలాసంలో పార్వతి కోరగా శివుడు అంతకు ముందెవరూ వినని విద్యాధరుల కథను ఆమెకు చెప్పాడు. పుష్పదంతుడనే గణనాయకుడు దానిని చాటుగా విని తన భార్య జయకు చెప్పాడు. ఆమె ద్వారా విషయం పార్వతి చెవిన పడింది. ఆగ్రహించిన దేవి పుష్పదంతుణ్ని మానవునిగా పుట్టమని శపించింది. అతని తరఫున వేడుకొన్న మాల్యవంతునికీ అదే శాపం తగిలింది. వింధ్యారణ్యంలో పిశాచరూపంలో ఉన్న కాణభూతికి కథ చెప్పి పుష్పదంతుడు, కాణభూతి నుంచి విన్న కథను లోకంలో వ్యాపింపజేసి మాల్యవంతుడు శాపవిముక్తులు కావాలని నియమం ఏర్పడింది. పుష్పదంతుడు వరరుచిగా కౌశాంబిలో జన్మించాడు. మాల్యవంతుడే గుణాఢ్యుడయ్యాడు.

ప్రతిష్ఠాన దేశంలోని సుప్రతిష్ఠితమనే నగరంలో సోమశర్మ అనే బ్రాహ్మణుని కుమార్తె శ్రుతార్థ. నాగరాజు వాసుకి వంశానికి చెందిన కీర్తిసేనుడు ఆమెను గాంధర్వ విధిన వివాహమాడగా వారికి గుణాఢ్యుడు పుట్టాడు. బాల్యంలోనే పెద్దలను కోల్పోయి దక్షిణాపథంలో విద్యలన్నీ అభ్యసించి, శిష్యులతో తిరిగివచ్చి శాతవాహన రాజు కొలువులో మంత్రి పదవి పొందాడు.

ఒక్క పదం తెచ్చిన చిక్కు

వసంత కాలంలో ఒకనాడు రాజు రాణులతో కలిసి కొలనులో జలక్రీడలాడుతున్నాడు. నీళ్లు చల్లించుకొని అలసిన ఒక రాణి తనను నీటితో కొట్టవద్దని సంస్కృతంలో వేడుకొంది. ఆమె పలికిన మోదకైః అన్న మాటను మా, ఉదకైః అని విడదీసి నీళ్లతో వద్దు అని గ్రహించాలి. సంధి తెలియని రాజు మోదకాలు, అంటే కుడుములు అడుగుతున్నదని భావించి పళ్లేలతో తెప్పించాడు. రాణి నవ్వింది. పరివారమూ నవ్వింది. రాజు సిగ్గుతో అంతఃపురంలో పడక చేరి అన్నపానాలు మానివేశాడు. పాండిత్యమో మరణమో తేలాలని పట్టుబట్టాడు.

మంత్రులైన గుణాఢ్యుడు, శర్వవర్మ రాజును దర్శించారు. వ్యాకరణం సామాన్యంగా 12 ఏళ్ల విద్య అనీ, తాను 6 ఏళ్లలో నేర్పగలననీ గుణాఢ్యుడు విన్నవించాడు. 6 నెలల్లోనే నేర్పుతానని శర్వవర్మ ముందుకు వచ్చాడు. అది అసాధ్యమని తలచిన గుణాఢ్యుడు పంతం పట్టాడు. శర్వవర్మ నెగ్గితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడింటినీ తాను విడిచిపెడతానన్నాడు. ఓడితే 12 ఏళ్లు గుణాఢ్యుని పాదుకలను నెత్తిన మోస్తానని శర్వవర్మ ప్రతినబూనాడు.

శర్వవర్మ కుమారస్వామిని ఉపాసించి సంక్షిప్తమైన కాతంత్ర వ్యాకరణాన్ని పొంది, గడువులోగా రాజును విద్వాంసుణ్ని చేశాడు. కాతంత్రం నిజంగానే ఉన్న వ్యాకరణ గ్రంథం. పాణినీయం కంటే తేలికగా నేర్వదగినదిగా శతాబ్దాల పాటు పాఠశాలల్లో చెప్పారు.

మాట తప్పని గుణాఢ్యుడు మూడు భాషలనూ వదిలి మౌనం దాల్చాడు. మాట లేని మంత్రికి కొలువులో పని లేదు. గుణదేవుడు, నందిదేవుడు అనే ఇద్దరు శిష్యులను వెంటబెట్టుకొని వింధ్యారణ్యాలకు తరలిపోయాడు.

అడవిలో ఏడేళ్లు

అరణ్యంలో పిశాచాలు మాట్లాడుకొనే భాషను చెవులారా విని నేర్చుకొన్నాడు. అదే పైశాచి. ఆ భాషతోనే మౌనం వీడి కాణభూతిని కలుసుకొన్నాడు. కాణభూతి అతనికి ఏడు మహాకథలు వినిపించాడు. గుణాఢ్యుడు ఏడేళ్లు శ్రమించి ఏడు లక్షల శ్లోకాలుగా వాటిని రాశాడు. అడవిలో సిరా దొరకక తన నెత్తురుతోనే రాశాడని సోమదేవుని కథనం.

పైశాచి కేవలం కల్పన కాదు. వరరుచి పేరిట ఉన్న ప్రాకృత ప్రకాశంలోనూ, 12వ శతాబ్దపు హేమచంద్రుని వ్యాకరణంలోనూ పైశాచి లక్షణాలు వివరించారు. దండి తన కావ్యాదర్శంలో బృహత్కథ భూతభాషలో ఉన్నదని పేర్కొన్నాడు. పండితులు పట్టించుకోని జనుల నోటి భాషకే ఆ పేరు వచ్చిందని భావించే పరిశోధకులున్నారు. శాపకథను పక్కన పెట్టి చూస్తే, కొలువు భాషలన్నీ దూరమైన ఒక పండితుడు అడవి జనుల మధ్య కూర్చొని వారి కథలను వారి భాషలోనే రాసుకొన్నాడన్నది దీని సారాంశం. నేడు జానపద సాహిత్య పరిశోధకులు చేస్తున్న పని కూడా ఇదే.

చదవకుండానే తిరస్కారం

గ్రంథం పూర్తయ్యాక దానిని లోకానికి ఎలా అందించాలన్న ప్రశ్న తలెత్తింది. రసజ్ఞుడైన శాతవాహన రాజే తగినవాడని శిష్యులు సూచించారు. గుణాఢ్యుడు నగరం వెలుపల ఉద్యానంలో ఆగి, గ్రంథాన్ని శిష్యుల చేత పంపించాడు.

రాజు దానిని తిరస్కరించాడు. భాష పైశాచి, రాత నెత్తురు, పరిమాణం ఏడు లక్షలు అన్నవే అతడు చూపిన కారణాలు. కథ బాగా లేదని మాత్రం అతడు అనలేదు. అందుకు చదవవలసి ఉంటుంది. ఒకప్పుడు సంధి తెలియని రాజు, సంస్కృతం వచ్చిన గర్వంతో ఇతర భాషను చులకన చేశాడని సోమదేవుడు సూచించడం విశేషం.

శిష్యులు తలవంచుకొని తిరిగివచ్చారు. గుణాఢ్యుడు వారితో సమీపంలోని ఒక గుట్టపైకి వెళ్లి అగ్నిగుండం సిద్ధం చేశాడు. ఒక్కొక్క పత్రాన్ని పశుపక్ష్యాదులకు చదివి వినిపించి ఆ వెంటనే మంటలో వేయసాగాడు. లేళ్లు, దున్నలు, అడవిపందులు మేత మాని చుట్టూ చేరి కన్నీళ్లతో విన్నాయి. శిష్యులు కళ్లనీళ్లతో చూస్తుండిపోయారు.

ఏది ఉంచాలి, ఏది వదలాలి

ఈ ఘట్టంలో గమనించదగిన అంశం ఒకటి ఉంది. గుణాఢ్యుడు ఆగ్రహంతో అంతా కాల్చివేయలేదు. ఏడు కథలనూ తలా కొంత కత్తిరించి లక్షకు తేనూ లేదు. ఆరు కథలను పూర్తిగా వదులుకొన్నాడు, ఒక కథను పూర్తిగా నిలిపాడు. వత్సరాజు ఉదయనుని కుమారుడైన నరవాహనదత్తుడు విద్యాధర చక్రవర్తి అయిన కథ అది. దానిని ఎంచుకోవడానికి కారణం శిష్యులకు అది మిక్కిలి ప్రీతిపాత్రం కావడమే. ఏడేళ్లు తనతో ఉండి కథ సాంతం ఎరిగిన ఇద్దరు శ్రోతల ఇష్టాన్ని ఆయన ప్రమాణంగా తీసుకొన్నాడు. రాజు తిరస్కారం వల్ల ఆయన భాష మార్చలేదు. నరవాహనదత్తుని కథ పైశాచిలోనే నిలిచింది.

ఇంతలో రాజు అస్వస్థుడయ్యాడు. వంటశాలకు వచ్చే మాంసంలో సారం లేదని వైద్యులు తేల్చారు. వంటవారు వేటగాళ్లను నిందించారు. గుట్టపై ఒక బ్రాహ్మణుడు పత్రాలు చదివి కాలుస్తున్నాడనీ, మృగాలన్నీ మేత మరచి వింటూ చిక్కిపోయాయనీ వేటగాళ్లు నివేదించారు. రాజు స్వయంగా వెళ్లి చూశాడు. అడవి మధ్య జడలు కట్టిన జుట్టుతో ఉన్న తన పూర్వ మంత్రిని గుర్తుపట్టి నమస్కరించాడు. జరిగినదంతా విని గ్రంథాన్ని అర్థించాడు.

అప్పటికే ఆరు లక్షల శ్లోకాలు బూడిదయ్యాయి. మిగిలిన లక్షను రాజుకు అప్పగించి, శిష్యులు దానిని వివరిస్తారని తెలిపి గుణాఢ్యుడు యోగమార్గాన దేహం చాలించాడు. రాజు శిష్యులను సత్కరించి, వారి సాయంతో ఆ భాష నేర్చి, కథ పుట్టుక తెలిపే కథాపీఠాన్ని గ్రంథానికి ముందు చేర్చాడు. చదవకుండా తిరస్కరించిన వ్యక్తే చివరకు పీఠిక రాయవలసి వచ్చింది.

చేతులు మారిన కథ

గుణాఢ్యుని కాలం క్రీస్తు శకం తొలి శతాబ్దాలని పండితులలో ఎక్కువమంది అంచనా. 7వ శతాబ్దపు బాణభట్టు హర్షచరిత్రలో బృహత్కథను ప్రశంసించాడు. వాసవదత్త రచించిన సుబంధుడూ దానిని స్మరించాడు. సముద్రాలు దాటి కాంబోడియాలోని 9వ శతాబ్దపు శాసనంలో సైతం గుణాఢ్యుని పేరు కనిపిస్తుంది. అంతటి కీర్తి పొందినా మూలగ్రంథం దక్కలేదు. దానిని తిరగరాసిన వారి గ్రంథాలే మిగిలాయి. ఒకే కథను పలువురు ఎలా సంస్కరించారో పోల్చి చూడటానికి ఇవి చక్కని అవకాశం కల్పిస్తున్నాయి.

గంగరాజు దుర్వినీతుడు బృహత్కథను సంస్కృతంలోకి మార్చాడని శాసనాలు చెబుతున్నాయి. జైన పండితుడు సంఘదాసు ప్రాకృతంలో వసుదేవహిండి రచిస్తూ కథానాయకుణ్నే మార్చి, నరవాహనదత్తుని స్థానంలో శ్రీకృష్ణుని తండ్రి వసుదేవుణ్ని నిలిపాడు. కొంగువేళిర్ తమిళంలో పెరుంగదై రాశాడు. బుధస్వామి రచించిన శ్లోకసంగ్రహం ప్రతులు నేపాల్‌లో లభించాయి. అందులో మిగిలినవి 28 సర్గలే అయినా, నాటి వర్తకులు, శిల్పులు, వీధుల జీవితం సజీవంగా కనిపిస్తుందని పరిశోధకుల మాట.

కాశ్మీరంలో 11వ శతాబ్దంలోనే ఇద్దరు ఈ పనికి పూనుకొన్నారు. క్షేమేంద్రుడు బృహత్కథామంజరిగా సుమారు 7,500 శ్లోకాలకు కుదించాడు. కుదింపు మితిమీరి చాలాచోట్ల కథ బోధపడదనే విమర్శ దానికి ఉంది. తరువాత సోమదేవుడు అనంత రాజు భార్య సూర్యవతి మనోరంజనం కోసం కథాసరిత్సాగరాన్ని 18 లంబకాలు, 124 తరంగాలు, 21 వేలకు పైగా శ్లోకాలలో చెప్పాడు. మూలంలోని కథాక్రమాన్ని తప్పక, విస్తారాన్ని తగ్గించి, భాషను మాత్రం మార్చానని ఆయన తన పద్ధతిని ముందే తెలియజేశాడు. క్షేమేంద్రుని గ్రంథం పండితుల పరిశీలనకే పరిమితం కాగా, సోమదేవునిది లోకమంతా చదివింది. సి.హెచ్. టానీ చేసిన ఆంగ్లానువాదం 1880 నుంచి 1884 వరకు వెలువడింది.

తెలుగువారికి ఈ కథలు పరాయివి కావు. బేతాళ పంచవింశతి కథాసరిత్సాగరంలో ఒక భాగం. 1947లో మొదలైన చందమామ పత్రిక ద్వారా బేతాళుడు, విక్రమార్కుడు పల్లెపల్లెకూ చేరారు. విక్రమార్కుని సింహాసనపు బొమ్మలు చెప్పే కథలను 15వ శతాబ్దంలోనే కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికగా తెలుగులో రచించాడు. వేదం వేంకటరాయశాస్త్రి కథాసరిత్సాగరాన్ని తెలుగు వచనంలోకి తెచ్చారు. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలను 12 భాగాలుగా వెలువరించారు. 1951 నాటి పాతాళభైరవి చిత్రానికి ఆ కథలలోనిదే ఆధారమని చెబుతారు.

మన ప్రాంతానికి పనికివచ్చే పాఠం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో కథకు కొదవ లేదు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను ఒగ్గు పూజారులు తరతరాలుగా డోలు, తాళాల నడుమ చెబుతూ వచ్చారు. వేములవాడ సమీపంలోని హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఒగ్గుకథకు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చి 2010లో కన్నుమూశారు. జ్ఞానపీఠ పురస్కార గ్రహీత సి. నారాయణరెడ్డి కూడా 1931లో ఆ ఊళ్లోనే జన్మించారు. చిన్ననాట విన్న హరికథలు, జానపదాలు, జంగం కథలు ఆయన కవిత్వానికి తొలి పునాదులు.

ఒగ్గుకథ చెప్పేవారు రాత్రిరాత్రికీ కథను మార్చుకొంటారు. శ్రోతలు నిద్రకు జోగితే ఒక ఘట్టాన్ని తగ్గిస్తారు, ఆసక్తి చూపితే మరో ఘట్టాన్ని పెంచుతారు. కాగితంపై కథ రాసేవారికి ఆ వెసులుబాటు లేదు. శ్రోత ఎదుట ఉండడు. అందుకే మొదటి ప్రతి దాదాపు ఎప్పుడూ ఉండవలసిన దానికంటే పెద్దదిగా తయారవుతుంది. విన్న కథలన్నీ అందులో చేరాలని రచయితకు ఆశ. అమ్మమ్మ చెప్పిన రాక్షసుడు, ఊరి గుట్టమీది దయ్యం, చెరువులోని నాగకన్య అంతా ఒక్క నవలలోకే వస్తారు.

అటువంటి వారికి గుణాఢ్యుని జీవితం మూడు విషయాలు చెబుతోంది. ఒకటి, ముందుగా మొత్తం రాసి ముగించాలి. ఏడు లక్షలూ పూర్తయ్యాకనే ఆయన ఎంపికకు దిగాడు. రెండు, బయటివారి మెప్పుకంటే ముందు కథను సాంతం విన్న ఇద్దరు ముగ్గురి మాట వినాలి. వారు మళ్లీ అడిగే భాగమే నవలకు ప్రాణం. మూడు, తగ్గించేటప్పుడు అన్నింటినీ ఎండగట్టకుండా, ఒక కథను నిండుగా ఉంచి తక్కినవాటిని వదలాలి. క్షేమేంద్రునికీ సోమదేవునికీ గల తేడా ఇక్కడే తెలుస్తుంది.

భాష విషయంలోనూ ఆలోచించదగినది ఉంది. ఈ ప్రాంతపు యాస కథకు తగదని ఒకప్పుడు చిన్నచూపు చూసిన కాలం ఉంది. అందువల్ల నోటికథలు ఎన్నో పుస్తకాలకెక్కలేదు. గుణాఢ్యుడు విడిచిన మూడు భాషలలో దేశభాష కూడా ఉంది. మనకు అటువంటి ప్రతిజ్ఞ ఏదీ లేదు. ఇంటి భాషలో కథ చెప్పే వృద్ధులు ఇంకా ఊళ్లలో ఉన్నారు.

అగ్నిగుండంలో పడిన ఆరు కథలలో ఏమున్నదో నేటికీ ఎవరికీ తెలియదు. బృహత్కథ మూలప్రతి అసలే దొరకలేదు. కోటిలింగాలలో సైతం ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక జలాలు పురాతన స్థలం అంచుల దాకా చేరాయి. దిబ్బను పూర్తిగా తవ్వి చూడటం నేటికీ మిగిలే ఉంది. రాయకుండా మిగిలిన ఒగ్గుకథల పరిస్థితీ ఇదే. ఒక కథకుడు కన్నుమూసిన ప్రతిసారీ ఆయనకు మాత్రమే తెలిసిన ఘట్టాలు ఆయనతోనే పోతున్నాయి. ఈ జిల్లాల కళాశాలల్లో తెలుగు చదువుతున్న విద్యార్థులు సెలవుల్లో తమ ఊరి కథకుని వద్ద ఒక్క కథనైనా పూర్తిగా రాసుకొంటే, తిరగరాయడానికి ఒక మొదటి ప్రతి అయినా మిగులుతుంది.